ఇటివ్వమ్మా, నేను చేస్తా

హైదరాబాద్‌లోని మియాపూర్ అపార్ట్‌మెంట్లలో సాయంత్రం ఏడు దాటాక తరచూ వినబడే మాటల్లో ఇదొకటి. ఫోన్‌లో ఏదో ఆగిపోయింది, నిన్న తీసిన ఫోటో కనబడడం లేదు, అక్షరాలు ఉన్నట్టుండి చిన్నవైపోయాయి. తల్లి అడుగుతుంది. ఆఫీసు బ్యాగు ఇంకా భుజం మీదే ఉన్న కొడుకు ఫోన్ అందుకుని, బొటనవేలితో నాలుగుచోట్ల నొక్కి, పది సెకన్లలో తిరిగి ఆమె చేతిలో పెడతాడు. "అయిపోయిందమ్మా" అంటాడు. పని అయింది నిజమే. ఏం చేస్తే అయిందో మాత్రం ఆమెకు తెలియలేదు. వచ్చేవారం అదే ఇబ్బంది వస్తే మళ్లీ అతను వచ్చేదాకా ఆగాల్సిందే.

ఆ పది సెకన్ల సాయంలో ప్రేమ ఉంది, పనితనమూ ఉంది. లేనిదల్లా ఆమె వేలు. కంప్యూటర్‌కైనా ఫోన్‌కైనా చిట్కా చెప్పడమంటే అవతలివారి వేలితో ఆ పని చేయించడం, ఎందుకలా చేయాలో ఒక్క వాక్యంలో చెప్పడం. ఈ రెండూ లేని చిట్కా ఎంత మంచిదైనా చెప్పినవాడి దగ్గరే ఉండిపోతుంది.

మియాపూర్‌లో ఈ లోటు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ ఐటీ భవనాన్ని ప్రారంభించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని హైదరాబాద్‌లో తెరిచింది. 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థ పగ్గాలు అందుకున్న సత్య నాదెళ్ల ఈ ఊళ్లోనే పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నారు. 2017 నవంబరు 28న హైదరాబాద్ మెట్రో తొలి రైలుకు పచ్చజెండా ఊపింది మియాపూర్ స్టేషన్లోనే. ఇక్కణ్నుంచి కొండాపూర్, కొత్తగూడ మీదుగా హైటెక్ సిటీకి సుమారు పది కిలోమీటర్లు. ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్‌ను రాసేవాళ్లు, పరీక్షించేవాళ్లు, దాని మరమ్మతులు చూసేవాళ్లు ఈ అపార్ట్‌మెంట్లలోనే అద్దెకుంటారు, ఈఎంఐలు కట్టుకుంటారు. మనవలను చూసుకోవడానికి ఒంగోలు నుంచో ఖమ్మం నుంచో నిజామాబాద్ నుంచో వచ్చిన తల్లిదండ్రులు అవే ఫ్లాట్లలో పగలంతా ఫోన్‌తో ఒంటరిగా కుస్తీ పడుతుంటారు. ఆఫీసులో వందమందికి దారి చూపే మనిషికి ఇంట్లో ఒక్కరికి చూపే ఓపిక సాయంత్రానికి మిగలదు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. కొన్ని విషయాలు ఆదివారం పొద్దున తీరిగ్గా కూర్చుని, ఫోన్ తల్లి చేతిలోనే ఉంచి చెప్పుకుంటే చాలా సాయంత్రాలు బాగుపడతాయి.

మొదట పోవాల్సింది భయం. "ఏది నొక్కితే ఏం పోతుందో" అన్న జంకుతో అరవై దాటినవాళ్లు కొత్త బటన్ మీద వేలు పెట్టరు. కాబట్టి అందరికన్నా ముందు నేర్పాల్సిన చిట్కా వెనక్కి వచ్చే దారి. కంప్యూటర్లో కంట్రోల్ పట్టుకుని జెడ్ నొక్కితే చివరగా చేసిన మార్పు రద్దవుతుంది. టైపు చేసిన పేరా పోయినా, ఫైల్ పేరు మారిపోయినా, ఫోల్డర్ పొరపాటున ఇంకోచోటికి జారినా ఇది పనిచేస్తుంది. దాని పక్కనే వరసగా ఎక్స్, సి, వి అక్షరాలు కట్, కాపీ, పేస్ట్‌లకు. ఈ కట్, కాపీ, పేస్ట్ పద్ధతిని 1970ల్లో జిరాక్స్ పరిశోధనశాలలో రూపుదిద్దినవారిలో ముఖ్యుడు లారీ టెస్లర్. 2020 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. ఆయనా సహచరుడు టిమ్ మాట్‌ కలిసి ఒక పాఠ్యపుస్తకాల ప్రచురణ సంస్థ ఎడిటర్ల పక్కన కూర్చుని, వాళ్లు కాగితం మీద కత్తెర, జిగురుతో ఎలా పనిచేస్తున్నారో చూసి, దానికి తగ్గట్టు ప్రోగ్రామ్ రాశారు. వాడేవాళ్ల పక్కన కూర్చోవడంతోనే ఈ సౌకర్యాలు మొదలయ్యాయి. ఆ పని ఇళ్లలోనూ జరగాలి.

ఫోన్‌లో వెనక్కి వచ్చే దారులు వేరుగా ఉంటాయి. గూగుల్ ఫోటోస్‌లో తుడిచేసిన ఫోటో, బ్యాకప్ అయి ఉంటే 60 రోజులు, కాకపోతే 30 రోజులు ట్రాష్‌లోనే ఉంటుంది. ఐఫోన్‌లోనూ ఇటీవల తొలగించినవి అనే ఆల్బమ్ ఉంది, అక్కడా కనీసం 30 రోజుల గడువు. వాట్సాప్‌లో ఒక మెసేజ్‌ను అందరికీ తుడవబోయి తనకు మాత్రమే తుడుచుకుంటే, కింద కొన్ని సెకన్లపాటు అన్‌డూ కనబడుతుంది. కంగారుపడకుండా దాన్ని నొక్కాలి. దారి మూసుకుపోయే చోట్లు కూడా చెప్పి తీరాలి. విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కితే ఫైల్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. పెన్‌డ్రైవ్ మీంచి తుడిచినా అంతే. ఈ హద్దులు తెలిసిన మనిషి మిగతాచోట్ల ధైర్యంగా వేలు పెడతాడు. ఒక సాయంత్రం కావాలనే ఒక ఫోటో తుడిపించి, ఆమె చేతనే తిరిగి తెప్పిస్తే, పది రోజుల ఉపదేశం కంటే అది ఎక్కువ పనిచేస్తుంది.

తర్వాతి ప్రశ్న "ఫోన్ నిండిపోయింది" అన్నది. ఎక్కువ ఇళ్లలో దీనికి కారణం వాట్సాప్ గ్రూపులు. శుభోదయం చిత్రాలు, గుడి వీడియోలు, ఒకే పెళ్లి ఫోటోలు నాలుగు గ్రూపుల్లోంచి నాలుగుసార్లు. వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజ్ అండ్ డేటా అనే చోట మీడియా తనంతట తాను దిగకుండా ఆపుకోవచ్చు. అక్కడే మేనేజ్ స్టోరేజ్ తెరిస్తే పెద్ద ఫైళ్లు, పదేపదే ఫార్వర్డ్ అయినవి విడిగా కనబడతాయి. ముందు వాటిని తీసేస్తే సొంత ఫోటోల జోలికి వెళ్లనక్కర్లేదు. ఇంకో సంగతి తెలియక చాలామంది ఇబ్బందిపడుతున్నారు. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ ఒకప్పుడు గూగుల్ ఖాతా స్థలంలో లెక్కకొచ్చేది కాదు. ఇప్పుడు ఉచితంగా ఇచ్చే 15 జీబీలోంచే పోతుంది. గూగుల్ ఫోటోస్ అపరిమిత ఉచిత నిల్వను 2021 జూన్ 1తోనే ఆపేసింది. కాబట్టి గ్రూపుల్లోంచి వచ్చిన వీడియోల వల్ల ఆ స్థలం నిండిపోయి, మనవడి పుట్టినరోజు ఫోటోలు భద్రం కాకుండా మిగిలిపోయే అవకాశం ఉంది. బ్యాకప్ సెట్టింగులో వీడియోలను చేర్చొద్దని ఒక్క బటన్ తిప్పితే చాలు.

చిట్కాల్లో తప్పుడువీ ఉన్నాయి. వాటిని ఖండించడం కూడా నేర్పడంలో భాగమే. ఆర్టీసీ బస్సులో చూసినా మెట్రోలో చూసినా, ఫోన్ తీయగానే ఇటీవలి యాప్‌లన్నింటినీ ఒక్కొక్కటిగా పైకి తోసేసేవాళ్లు కనబడతారు. బ్యాటరీ మిగులుతుందని వాళ్ల నమ్మకం. 2016 మార్చిలో ఆపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెయిగ్ ఫెడెరిగి, ఆ వెంటనే ఆండ్రాయిడ్ అధిపతిగా ఉన్న హిరోషి లాక్‌హైమర్, ఇద్దరూ అది అనవసరమని తేల్చిచెప్పారు. వెనక ఉన్న యాప్‌ను ఆపరేటింగ్ సిస్టమే నిద్రపుచ్చుతుంది. దాన్ని మూసి మళ్లీ మొదటినుంచి తెరిస్తేనే ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. బిగుసుకుపోయిన యాప్ ఒక్కదాన్ని తోసేస్తే చాలు. వానలో తడిసిన ఫోన్‌ను బియ్యం డబ్బాలో పెట్టడం ఇంకో అలవాటు. బియ్యపు నూక, ధూళి లోపలికి చేరి చెడగొట్టవచ్చని, అలా పెట్టవద్దని ఆపిల్ తన సూచనల్లో స్పష్టంగా రాసింది. చార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టి, గాలి ఆడేచోట ఆరనివ్వాలి, ఆరేదాకా చార్జర్ పెట్టకూడదు.

ఆఫీసు లాప్‌టాప్ విషయంలో కూడా ఇలాంటి అపోహ ఒకటి ఉంది. నెమ్మదించిన విండోస్ యంత్రాన్ని రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున తెరిస్తే కొత్తగా మొదలైనట్టే అనుకుంటారు. చాలా యంత్రాల్లో అలా జరగదు. త్వరగా తెరుచుకోవడం కోసం విండోస్, మూసేముందు తన లోపలి స్థితిని డిస్క్ మీద దాచుకుని పొద్దున దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. నిజంగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ నొక్కినప్పుడే. ఏ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసినా మొదట రీస్టార్ట్ చేశారా అని అడుగుతారు. అది తప్పించుకునే మాట కాదని తెలిస్తే ఆ సలహా మీద గౌరవం కలుగుతుంది.

ఐటీ కారిడార్‌లో పనిచేసేవాళ్లకు వేలికొసల్లో ఉండే కొన్ని మీటల జంటలు ఇంటివాళ్లకూ పనికొస్తాయి. సీటు వదిలి లేచేటప్పుడు విండోస్ మీటతో ఎల్ నొక్కి తెర తాళం వేయడం ఐటీ ఆఫీసుల్లో మొదటివారమే అలవాటవుతుంది. తాళం వేయనివాడి మెయిల్లోంచి "రేపు అందరికీ నా తరఫున బిర్యానీ" అని ఎవరో ఒకరు పంపేస్తారు గనుక. విండోస్ మీటతో వి నొక్కితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరసగా కనబడతాయి. మొదటిసారి దాన్ని ఆన్ చేసుకోవాలి. పీఎఫ్ దరఖాస్తు నింపుతూ ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మూడింటినీ ముందే కాపీ చేసిపెట్టుకుని ఒక్కొక్కటీ అతికించుకోవచ్చు. పని అయ్యాక ఆ జాబితాను ఖాళీ చేయడం మరిచిపోకూడదు. విండోస్, షిఫ్ట్ మీటలతో ఎస్ నొక్కితే తెరలో కావాల్సినంత ముక్కే ఫోటోగా వస్తుంది. బ్రౌజర్‌లో పొరపాటున మూసిన ట్యాబ్ కంట్రోల్, షిఫ్ట్‌లతో టి నొక్కితే తిరిగొస్తుంది.

తెలుగు సంగతికొస్తే చెప్పుకోవాల్సింది చాలా ఉంది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన తొలి కూర్పులోనే చోటు దక్కింది. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చింది. ఆండ్రాయిడ్ మెనూలు తెలుగులో రావడానికి మాత్రం 2014లో లాలీపాప్ కూర్పు దాకా ఆగాల్సివచ్చింది. గూగుల్ కీబోర్డుకు తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మార్చే సౌకర్యం 2017 ఆగస్టులో అందింది. ఈ చివరిది ఇళ్లలో ఎన్నో మౌనాలను పోగొట్టింది. టైపు చేయడం రాక ఇంతకాలం బొటనవేలి గుర్తుతోనూ నమస్కారం బొమ్మతోనూ సరిపెట్టుకున్న పెద్దలు, మైకు గుర్తు నొక్కి అమెరికాలో ఉన్న కూతురికి నాలుగు వాక్యాలు పంపగలుగుతున్నారు. మైకు పనిచేయాలంటే కీబోర్డు సెట్టింగుల్లో తెలుగును భాషగా చేర్చి, వాయిస్ టైపింగ్‌లోనూ తెలుగు ఎంచుకోవాలి. చాలా ఫోన్లలో ఆగిపోయేది ఈ రెండో మెట్టు దగ్గరే.

విండోస్‌లో తెలుగు టైపు చేయడానికి బయటి సాఫ్ట్‌వేర్ వేసుకోవాలనే అనుకుంటారు ఇప్పటికీ. డీటీపీ దుకాణాల్లో 'అను' పేరుగల ఫాంట్లదే రాజ్యం కావడం దీనికి ఒక కారణం. వాటితో కూర్చింది వేరే కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే గజిబిజి గుర్తులుగా కనబడుతుంది, వెతికినా దొరకదు. 2019 మే నెల విండోస్ 10 కూర్పునుంచి తెలుగుకు ఉచ్చారణ ఆధారిత కీబోర్డు సిస్టమ్‌లోనే ఉంది. సెట్టింగుల్లో సమయం, భాష విభాగంలో తెలుగును చేర్చి, దాని ఆప్షన్లలో తెలుగు ఫొనెటిక్ కీబోర్డును కలిపితే సరి. ఆ తర్వాత విండోస్ మీటతో స్పేస్ నొక్కినప్పుడల్లా ఇంగ్లిషు, తెలుగు మారుతుంటాయి. ఆంగ్ల అక్షరాల్లో ఒక పదం కొడితే తెలుగులో పదాలు సూచిస్తుంది, ఎంచుకోవడమే. కాలనీ సంక్షేమ సంఘం నోటీసులు, గుడి కమిటీ రసీదులు, అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకరు లెక్కలు తెలుగులో రాసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

కంటిచూపు తగ్గినవాళ్లకు అక్షరాల పరిమాణం పెంచడం అందరికీ తెలిసిందే. అందులోనూ ఒక మెలిక ఉంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో ఫాంటు సైజు వేరు, డిస్‌ప్లే సైజు వేరు. మొదటిది అక్షరాలను మాత్రమే పెంచుతుంది, రెండోది బటన్లు, బొమ్మలు అన్నింటినీ పెంచుతుంది. వేలు పక్కబటన్ మీద పడుతోందని ఇబ్బందిపడేవారికి కావాల్సింది రెండోది. ఆండ్రాయిడ్‌లో యాక్సెసిబిలిటీ కింద సెలెక్ట్ టు స్పీక్ ఆన్ చేస్తే, తెరమీది తెలుగు వార్తను ఫోనే చదివి వినిపిస్తుంది. శుక్లాల ఆపరేషన్ అయిన నెలలో ఇంతకంటే మంచి తోడు దొరకదు.

ఫోన్ మెనూలు తెలుగులోకి మార్చినప్పుడు వచ్చే ఒక చిక్కును పిల్లలు గమనించాలి. అమ్మ ఫోన్ తెలుగులో ఉంటుంది, కొడుక్కి సెట్టింగులన్నీ ఇంగ్లిషు పేర్లతోనే గుర్తు. రాయదుర్గం ఆఫీసులోంచి ఫోన్‌లో దారి చెబుతూ అతను అడిగే పేరు ఆమె తెరమీద ఉండదు. ఇద్దరికీ విసుగు. ఆమె ఫోన్‌ను ఇంగ్లిషులోకి మార్చేస్తే ఆ కాల్ వరకూ గండం గడుస్తుంది, ఆమె పట్టు మాత్రం పోతుంది. మారాల్సింది అతనే. తన ఫోన్‌ను ఒక వారం తెలుగులో పెట్టుకుంటే ఆమె ఏం చూస్తోందో అతనికి తెలుస్తుంది. లేదంటే ఆమె చేత స్క్రీన్‌షాట్ పంపించుకుని, నొక్కాల్సినచోట ఎర్రగా చుట్టి తిప్పి పంపాలి. ఆండ్రాయిడ్‌లో పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ కలిపి ఒక్కసారి నొక్కి వదిలితే స్క్రీన్‌షాట్ వస్తుందన్నది ఆమెకు నేర్పాల్సిన తొలి పాఠాల్లో ఒకటి కావాలి.

అప్‌డేట్ల గురించి మూడు అనుభవాలు తెలుగువాళ్ల ముందే ఉన్నాయి. 2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసి డబ్బులు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ దాడి దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసి ఉంది. వేసుకున్న యంత్రాలు బతికాయి.

రెండోది అచ్చంగా తెలుగు అక్షరం వల్లే వచ్చింది. 2018 ఫిబ్రవరిలో జ, పొల్లు, ఞ, ఆపైన కంటికి కనబడని ఒక గుర్తు, చివర దీర్ఘం, ఈ వరసలో ఉన్న తెలుగు అక్షరం ఏ మెసేజ్‌లోనైనా వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో కనబడితే ఫోన్ హోమ్ స్క్రీనే కుప్పకూలి, మళ్లీ మళ్లీ మొదలవుతూ ఉండేది. ఐప్యాడ్, మ్యాక్, ఆపిల్ వాచ్‌లదీ అదే గతి. మామూలుగా రాసుకునే 'జ్ఞానం' అన్న మాటతో పేచీ లేదు; ఆ కనబడని గుర్తు కలిసినప్పుడు అక్షరాలను పేర్చే ప్రోగ్రామ్ తడబడేది. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో ఆపిల్ దాన్ని సరిచేసింది. తెలుగు చదవడం రాని దేశాల్లోనూ ఆ వారం జనం ఈ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకుని ఆటపట్టించారు. మన లిపిని యంత్రాలు సరిగ్గా పరీక్షించలేదన్న బాధ ఒకవైపు ఉండొచ్చు. అప్‌డేట్ వేసుకున్నవాళ్ల ఫోన్లు ఆ ఆటకు లొంగలేదన్నది ఇంటికి పనికొచ్చే విషయం.

మూడోది మిగతా రెండింటికీ ఎదురు. 2024 జూలై 19, శుక్రవారం. భారత కాలమానం ప్రకారం ఉదయం 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక ఫైల్ లోపంతో వెళ్లింది. మియాపూర్ నుంచి క్యాబ్‌లు, షేర్ ఆటోలు ఆఫీసుల బాట పట్టే వేళ అది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం ప్రపంచంలో 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర చూపించి ఆగిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు; హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడొకరు పెట్టిన చేతిరాత పాసు ఫోటో దేశమంతా తిరిగింది. ఆ సంస్థ 78 నిమిషాల్లో ఫైల్‌ను వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయిన యంత్రాలు వాటంతట అవి లేవలేదు. ఒక్కొక్కదాన్నీ సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైల్‌ను తుడవాలి. డిస్కుకు తాళం ఉన్న లాప్‌టాప్‌లకు ముందుగా 48 అంకెల రికవరీ కీ కొట్టాలి.

ఆ రోజు మిగిల్చిన ఉపయోగకరమైన సంగతులు ఇంటి కంప్యూటర్‌కూ సరిపోతాయి. సేఫ్ మోడ్ అంటే అతి తక్కువ సరంజామాతో విండోస్ తెరుచుకునే పద్ధతి. షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే ఆ దారి చూపించే తెర వస్తుంది. ఒకసారి తీరిగ్గా తెరిచి చూసుకుంటే ఆపదలో చేయి వణకదు. ఈమధ్య కొన్న సొంత లాప్‌టాప్‌లు చాలావాటికి డిస్కు తాళం తనంతట తానే పడి ఉంటుంది. ఆ 48 అంకెలు మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉన్నాయో లేదో యంత్రం బాగున్నప్పుడే చూసుకుని రాసిపెట్టుకోవాలి. ఇక అప్‌డేట్లపై తేల్చుకోవాల్సిన పద్ధతి ఇది: నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు రెండు మూడు రోజుల్లో వేసుకోవాలి, ఫోన్ మొత్తం రూపు మార్చే పెద్ద కూర్పులకు ముందు బ్యాకప్ తీసుకుని, రెండు మూడు వారాలు ఆగినా నష్టం లేదు.

పాత లాప్‌టాప్‌ల యజమానులకు 2025 అక్టోబరు 14 గుర్తుండాలి. 2015లో వచ్చిన విండోస్ 10కు ఆ రోజుతో మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇళ్లకోసం ఇచ్చిన అదనపు గడువు 2026 అక్టోబరు దాకా నమోదు చేసుకున్నవారికే. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, 2018 ప్రాంతం తర్వాతి ప్రాసెసర్ కావాలి. అవి లేని యంత్రాన్ని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పట్టుకెళ్లి పాతసామానుకింద ఇచ్చేయాలన్న తొందర అక్కర్లేదు. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించి, విండోస్ బదులు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే బ్రౌజింగ్‌కు, పిల్లల చదువుకు, ఉత్తరాలు రాసుకోవడానికి ఇంకొన్నేళ్లు నడుస్తుంది. గచ్చిబౌలి కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ అనే సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి విద్యార్థుల్లో ప్రచారం చేస్తూ, తెలుగులో పనిచేసే లినక్స్‌ను కూడా రూపొందించింది. ఇంటర్ చదివే కుర్రాడు వారాంతంలో నేర్చుకోదగ్గ పని ఇది.

ఇంతకీ ప్రాణంమీదికి తెచ్చేవి యాప్‌లకు మనం ఇచ్చే అనుమతులు. కిందటి రెండు మూడేళ్లుగా వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని, పెళ్లి శుభలేఖ అని పేర్లు పెట్టి, ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైళ్లు వస్తున్నాయి. శుభలేఖ ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. దాన్ని నొక్కగానే ఆండ్రాయిడ్ ఊరుకోదు, తెలియని చోటినుంచి యాప్ వేయడానికి అనుమతిస్తారా అని అడుగుతుంది. సరే అంటే ఆ యాప్ మెసేజీలు చదవడానికి అనుమతి కోరుతుంది. అదీ ఇచ్చేశాక బ్యాంకునుంచి వచ్చే ఓటీపీ మోసగాడికి ముందు చేరుతుంది. ఈ మోసం మొత్తం బాధితుల చేతనే "అలవ్" నొక్కించడం మీద నిలబడి ఉంది. సెట్టింగుల్లో స్పెషల్ యాప్ యాక్సెస్ కింద, తెలియని యాప్‌లను వేసే అనుమతి వాట్సాప్‌కు, క్రోమ్‌కు ఆపి ఉందో లేదో ఈ రోజే చూడాలి. స్క్రీన్ పంచుకునే యాప్‌ల విషయమూ ఇంతే. 2019 ఫిబ్రవరిలోనే రిజర్వ్ బ్యాంకు ఎనీడెస్క్ పేరుతో జరుగుతున్న మోసాలపై బ్యాంకులను హెచ్చరించింది. ఆ యాప్ స్వతహాగా చెడ్డది కాదు, ఐటీ ఉద్యోగులు రోజూ వాడేదే. అపరిచితుడు ఫోన్ చేసి వేసుకోమన్నప్పుడే అది ఇంటి తాళంచెవి అవుతుంది.

ఇక్కడే "ఇటివ్వమ్మా" అలవాటు ఎంత ప్రమాదమో తెలుస్తుంది. ఎదుటివాడు నాలుగుచోట్ల నొక్కి ఇవ్వడం, తాను చూడకుండా అవును అనడం అలవాటైన తల్లి, ఫోన్‌లో మర్యాదగా మాట్లాడే అపరిచితుడు నొక్కమన్నచోట కూడా నొక్కేస్తుంది. తెరమీది ప్రశ్నను పైకి చదివి, అర్థమయ్యాకే వేలు పెట్టే అలవాటు ఆమెకు ఇంట్లోనే రావాలి. మోసం జరిగిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతానుంచి ఇంకో ఖాతాకు పారిపోకముందే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. తిడతారేమోనని సాయంత్రం దాకా కొడుక్కి చెప్పకుండా కూర్చున్న తల్లులే ఎక్కువ నష్టపోతున్నారు. తిట్టబోమని ముందే మాటివ్వడం కూడా భద్రతా చర్యే.

ఫోన్ పోగొట్టుకున్నప్పుడు కావాల్సినవి ఫోన్‌లోనే ఉంటే పనికిరావు. రద్దీ వేళ మియాపూర్ స్టేషన్ మెట్ల మీద జేబులోంచి జారిపోయిందనుకుందాం. దొరికినవాడు తెర తాళం తీయలేకపోయినా, సిమ్ తీసి వేరే ఫోన్‌లో పెట్టుకుంటే ఓటీపీలు అక్కడికే వస్తాయి. సిమ్‌కు పిన్ పెడితే ఆ దారి మూసుకుంటుంది. భద్రతా సెట్టింగుల్లో సిమ్ లాక్ అని ఉంటుంది. ముందుగా కంపెనీ ఇచ్చిన పాత పిన్ ఎంతో తెలుసుకుని మార్చాలి, ఊహించి మూడుసార్లు తప్పు కొడితే సిమ్ మూసుకుపోయి పీయూకే అనే ఇంకో కోడ్ అడుగుతుంది. *#06# డయల్ చేస్తే ఫోన్‌ను గుర్తించే 15 అంకెల ఐఎంఈఐ నంబర్లు కనబడతాయి. ఫోన్ పోయాక పోలీసు ఫిర్యాదు, కొత్త సిమ్ తీసుకుని, 2023 మేలో ప్రారంభమైన సంచార్ సాథీ పోర్టల్లో ఆ నంబర్లు ఇస్తే ఆ యంత్రం దేశంలో ఏ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా ఆపేస్తారు.

కాబట్టి ఆదివారం పాఠం చివర ఒక తెల్లకాగితం తీసుకోవాలి. రెండు ఐఎంఈఐ నంబర్లు, ఫోన్‌లో ఉన్న గూగుల్ లేదా ఆపిల్ ఖాతా పేరు, గూగుల్ ఖాతా అయితే దాని బ్యాకప్ కోడ్లు, లాప్‌టాప్ రికవరీ కీ, 1930, బ్యాంకు కార్డు ఆపించే నంబరు ఆమె చేతిరాతతోనే రాయించాలి. పాస్‌వర్డ్‌లు, పిన్‌లు ఆ కాగితం మీద ఉండకూడదు. రక్తం గ్రూపు, వాడే మందులు, పిలవాల్సిన మనిషి నంబరు మాత్రం ఫోన్ ఎమర్జెన్సీ సమాచారంలోనే నింపాలి; తాళం తీయకుండానే లాక్ స్క్రీన్ మీంచి ఎవరైనా చూడగలిగేలా ఉంటాయి. కాగితం రెండు ప్రతులు రాయించి, ఒకటి మియాపూర్ ఇంటి బీరువాలో, ఇంకొకటి ఊళ్లో ఇల్లు చూసుకుంటున్న తమ్ముడి దగ్గర పెట్టించాలి. ఫోన్ మార్చినప్పుడల్లా రెండూ మార్చాలి.